పూతరేకు అడిగిన ప్రశ్న: యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం



ఈ పేజీలో ప్రతి నెలా ఒక గొప్ప వ్యక్తి జీవితం చదువుతున్నారు. ఈసారి ఎవరి గురించి రాయాలా అని నేను వెతుక్కోలేదు. నా తరగతిలో ఒక బాబు అడిగిన ప్రశ్న నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. ముందు ఆ ప్రశ్న సంగతి చెప్తాను.

ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం జరుగుతోంది. పాలు తోడుకోవడం, ఇడ్లీ పిండి పులవడం, పెన్సిలిన్ అన్నీ అయ్యాయి. ఆత్రేయపురం నుంచి మన స్కూల్ బస్సులో వచ్చే బాబు ఒకడు చెయ్యెత్తాడు. వాళ్లింట్లో నానమ్మ, అమ్మ పూతరేకులు చేస్తారు. తాతయ్యకు షుగర్. ఇంటి నిండా నెయ్యి, పంచదార వాసనే గానీ, తాతయ్య మాత్రం ఒక్క రేకు కూడా ముట్టుకోరు. పాలను పెరుగు చేసే బాక్టీరియా ఉన్నప్పుడు, తాతయ్య తినగలిగే పంచదారను చేసిపెట్టే బాక్టీరియా ఎందుకు ఉండకూడదని ఆ బాబు అడిగాడు.

ఆ వారంలోనే యూనిట్ టెస్ట్. పోర్షన్ ఇంకా మిగిలి ఉంది. అది సిలబస్‌లో లేదని చెప్పి కూర్చోబెట్టాను. కూర్చున్నాడు. తర్వాత మూడు వారాలు నా క్లాసులో మళ్లీ చెయ్యెత్తలేదు. టెస్టులో మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ ఎత్తని చెయ్యి నాకు రోజూ కనిపిస్తూనే ఉంది.

చివరికి ఒక ఆదివారం కూర్చుని చదివాను. అటువంటి చక్కెరలు ఉన్నాయి. వాటిని బాక్టీరియా చేత, ఎంజైముల చేత చేయిస్తున్నారు కూడా. అయితే అది ఎలా జరుగుతుందో చదువుతుంటే ప్రతి పేజీలోనూ ఒక మాట తగిలింది: ఫాస్ఫేటు. కణంలోకి వచ్చిన చక్కెరకు ముందు ఒక ఫాస్ఫేటు అంటుకుంటుంది, ఆ తర్వాతే దాని రూపం మారుతుంది. ఆ ఫాస్ఫేటు ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని కొలవడం ఎవరు నేర్పారు అని వెనక్కి వెళ్తూ ఉంటే దారి బోస్టన్ మీదుగా తిరిగి మన భీమవరానికే వచ్చింది. అందుకే ఈ నెల యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం.

రెండుసార్లు తప్పిన మెట్రిక్

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ఆయన ఉద్యోగం ముందుగానే ఆగిపోయింది. ఏడుగురు పిల్లల సంసారం, డబ్బుకు ఎప్పుడూ కటకటే.

పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇంట్లో చెప్పకుండా బయలుదేరాడు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆ కుర్రవాడి ఆలోచన. ఇంటివాళ్లు దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఈ రోజుల్లో మన పిల్లవాడు ఇలా చేస్తే కౌన్సెలర్ దగ్గరికి పరుగెడతాం. వెంకమ్మ గారు మళ్లీ బడికి పంపారు.

చదువు రాజమండ్రిలో. మీలో చాలామంది ఆత్రేయపురం నుంచి బొబ్బర్లంక మీదుగా, ధవళేశ్వరం బ్యారేజీ దాటి రాజమండ్రి వెళ్తూ ఉంటారు కదా, అదే రాజమండ్రి. అక్కడ ఉన్న రోజుల్లో కుటుంబంలో జబ్బులు, మరణాలు కుర్రవాడిని కుంగదీశాయి. మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పాడు. రెండోసారి కూడా తప్పాడు. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి రాసి పాసయ్యాడు.

ఈ వాక్యాన్ని ఒక్క నిమిషం ఆగి చదవండి. తర్వాత కాలంలో శరీరంలో శక్తి ఎలా నడుస్తుందో ప్రపంచానికి చూపించిన మనిషి, పదో తరగతి స్థాయి పరీక్షను మూడోసారికి గానీ దాటలేదు. మార్కులు అక్కర్లేదని నేను అనడం లేదు. అలా అంటే మీరు నమ్మరు, నేను కూడా నమ్మను. ఆ రెండు ఫెయిళ్లు పరీక్షల గురించి చెప్పాయే తప్ప ఆ కుర్రవాడిలో ఏముందో చెప్పలేదు, అంతవరకే.

మద్రాసులో ఖద్దరు

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. తల్లి అనుమతి కావాలన్నారు అక్కడివారు. వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. సేవ చేయాలనుకుంటే వైద్యం చదవడం మంచిదన్న సలహాతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు సాయపడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. తర్వాత వారి అమ్మాయి శేషగిరి గారితోనే సుబ్బారావు గారి పెళ్లి జరిగింది.

అది గాంధీగారు విదేశీ బట్టలు వదలమన్న కాలం. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు బట్టలతోనే వెళ్లేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా పూర్తి ఎంబీబీఎస్ పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ దొరకలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే లెక్చరర్‌గా చేరారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతూ మనిషి చిక్కి శల్యమవుతాడు. ఆ రోజుల్లో దానికి మందు లేదు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వచ్చింది గానీ ఆయన బతికారు. ఎందుకు వస్తుందో, ఏమిస్తే తగ్గుతుందో తెలియని జబ్బు ముందు డాక్టరు ఎంత నిస్సహాయుడో ఆయనకు పుస్తకం చదవకుండానే తెలిసింది.

నీలిరంగు లెక్క

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సాయం కలిపి 1920ల మొదట్లో ఆయన అమెరికా చేరారు. బోస్టన్‌లో హార్వర్డ్ వైద్య కళాశాలలో చదువు. ఖర్చులకు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. పరాయి దేశంలో డాక్టరు చదువు చదివిన మనిషి రాత్రి పాత్రలు కడిగి, పగలు ప్రయోగశాలలో నిలబడ్డారు. విదేశాల్లో చదువుకుంటూ పార్ట్‌టైమ్ పనులు చేసే పిల్లలు మీ బంధువుల్లో ఉంటే ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్‌తో కలిసి ఆయన చేసిన మొదటి పెద్ద పని ఒక కొలత. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో తెలుసుకోవడం అప్పట్లో కష్టమైన పని. 1925లో వీరిద్దరూ సులువైన పద్ధతి ప్రకటించారు. నమూనాలో మాలిబ్డేట్ అనే రసాయనం, ఇంకో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎక్కువుంటే నీలం చిక్కగా, తక్కువుంటే పలుచగా ఉంటుంది. రంగును చూసి లెక్క కట్టడమే. దీన్నే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అంటారు.

ఈ పద్ధతిని కండరం మీద వాడినప్పుడు ఒక విచిత్రం కనిపించింది. రంగు రావలసిన వేగంతో రాలేదు. మెల్లగా, ఆలస్యంగా చిక్కబడుతూ పోయింది. పరికరం తప్పనో, నమూనా పాడైందనో పారబోసి ముందుకు పోవచ్చు. పని త్వరగా ముగించాలనుకునేవారు అదే చేస్తారు. నేను నా క్లాసులో చేసిందీ దాదాపు అదే. వాళ్లు మాత్రం ఆ ఆలస్యం దగ్గరే ఆగారు. కండరంలో తేలిగ్గా విడిపోయే ఫాస్ఫేటు పదార్థం ఏదో ఉంది, అది విడిపోతున్న కొద్దీ రంగు పెరుగుతోందని గుర్తించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరం పని చేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ చేరుతుంది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుందని అప్పటిదాకా గట్టిగా నమ్మేవారు. ఈ రంగు లెక్కతో ఆ నమ్మకం కదిలింది.

1929లో అంతకంటే ముఖ్యమైన పదార్థాన్ని వారు వేరు చేశారు. అదే ఏటీపీ, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. మీ పిల్లల బయాలజీ పుస్తకంలో ఏటీపీని శక్తి కరెన్సీ అని చదువుతారు. మనం తిన్న అన్నం గ్లూకోజు అవుతుంది. ఆ గ్లూకోజు కణంలోకి రాగానే ఏటీపీ తన దగ్గరున్న మూడు ఫాస్ఫేట్లలో ఒకటి దానికి తగిలిస్తుంది. ఫాస్ఫేటు అంటుకున్న చక్కెర ఇక కణం దాటి బయటికి పోలేదు. లోపలే ఉండి రూపాలు మారుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తాతయ్య పంచదార దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన అధ్యాపక పదవి ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీకి వెళ్లారు. త్వరలోనే అక్కడి పరిశోధనలకు డైరెక్టర్ అయ్యారు.

ఎనిమిదేళ్లలో నాలుగు మందులు

లెడర్లీలో ఆయన ఉన్నది ఎనిమిదేళ్లు. ఆయన నడిపిన బృందాల నుంచి వచ్చిన మందులు ఈరోజు కూడా మన మెడికల్ షాపుల్లో, మన ఆసుపత్రుల్లో ఉన్నాయి.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. గర్భిణులకు డాక్టర్లు రాసే మాత్రల్లో ఉండేది ఇదే. దాన్ని పెద్ద ఎత్తున తయారు చేసే దారి 1940ల మధ్యలో ఆయన బృందం కనిపెట్టింది. ఇంకో సంగతి ఉంది. స్ప్రూ రోగులకు కూడా ఫోలిక్ ఆమ్లం పని చేసింది. సోదరులను తీసుకెళ్లిన జబ్బుకు మందు ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది, సుమారు పాతికేళ్లు ఆలస్యంగా.

రెండోది క్యాన్సర్ మందు. ఫోలిక్ ఆమ్లం లేకుండా కణాలు పెరగలేవు. అయితే అచ్చం దానిలాగే కనిపించి, దాని పని మాత్రం చేయని పదార్థాన్ని ఇస్తే క్యాన్సర్ కణం మోసపోయి ఆగిపోతుంది. తాళంలో దూరి తిరగని తాళంచెవి లాంటిది. ఆ పదార్థమే అమినోప్టెరిన్. దాన్ని లెడర్లీ బృందం తయారు చేస్తే, బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన వివరాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ పిల్లలకు మందన్నదే లేదు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

మూడోది మన గోదావరి జిల్లాల వాళ్లకు బాగా తెలిసినది. బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్రలు గుర్తున్నాయా? ఆ డైఇథైల్‌కార్బమజీన్ 1947లో ఆయన విభాగం నుంచి వచ్చిందే. కాలువలు, దోమలు ఉన్న భీమవరంలో పుట్టిన మనిషి పెర్ల్ రివర్‌లో తయారు చేయించిన మాత్ర తిరిగి మన గడప దాకా వచ్చింది. మాత్ర మింగేటప్పుడు ఆ పేరు మనకు ఎవరూ చెప్పలేదు.

నాలుగోది మా బాబు అడిగిన ప్రశ్నకు దగ్గరిది. సుబ్బారావు గారి విభాగంలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్త పనిచేసేవారు. యూనివర్సిటీ నుంచి రిటైరయ్యాక వచ్చిన పెద్దాయన. రకరకాల చోట్ల నుంచి తెప్పించిన మట్టి నమూనాల్లో మంచి మందు చేసే సూక్ష్మజీవి కోసం వాళ్లు వెతికారు. మిస్సోరిలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు పదార్థాన్ని తయారు చేసే బాక్టీరియా దొరికింది. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. 1948లో అది బయటికొచ్చింది. పిడికెడు మట్టిలో ఎవరికీ కనిపించకుండా తన పని తాను చేసుకుంటున్న జీవిని పట్టుకుని మనకు కావలసింది దాని చేత చేయించుకోవచ్చని అది పెద్ద ఎత్తున రుజువు చేసింది.

అదే సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు గారు న్యూయార్క్‌లో గుండె ఆగి నిద్రలోనే పోయారు.

ఇంటి దగ్గర మిగిలినవారు

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఈ పేజీ అందంగా ఉంటుంది. కానీ మీ పిల్లలకు చెప్పేటప్పుడు మిగతాది కూడా చెప్పండి.

ఆయన అమెరికా వెళ్లేనాటికి శేషగిరి గారు చిన్నమ్మాయి. ఆయన వెళ్లాక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే ఆ బిడ్డ చర్మానికి సోకిన జబ్బుతో పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. చదువు కోసం కొన్నేళ్లకని వెళ్లిన మనిషి తర్వాత ఎప్పుడూ ఇండియాకు తిరిగి రాలేదు. వెంకమ్మ గారు మళ్లీ కొడుకును చూడలేదు, శేషగిరి గారు మళ్లీ భర్తను చూడలేదు.

ఆయన మందులతో ప్రపంచంలో ఎందరో తల్లుల బిడ్డలు బతికారు. ఆ మందుల వెనక ఎదురుచూపులతో గడిచిపోయిన జీవితం కూడా ఒకటుంది. గొప్పవారి గురించి రాసేటప్పుడు ఇలాంటి మాటలు సాధారణంగా వదిలేస్తాం. పిల్లలు తెలివైనవాళ్లు, వదిలేసినవి పెద్దయ్యాక వాళ్లకే తెలుస్తాయి. ముందే మనం చెప్తే, ఒక మనిషి గొప్పగా ఉంటూనే కొన్ని బాకీలు తీర్చలేకపోవచ్చని అర్థం చేసుకుంటారు.

పేరు విషయంలో కూడా ఆయనకు దక్కింది తక్కువే. నోబెల్ రాలేదు. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. స్టాంపు వచ్చేనాటికి ఆయన పోయి 47 ఏళ్లు.

తాతయ్య పంచదార

ఇప్పుడు బాబు ప్రశ్నకు వద్దాం.

ప్రకృతిలో చాలా కొద్దిగా దొరికే చక్కెరలు కొన్ని ఉన్నాయి. వాటిని అరుదైన చక్కెరలు అంటారు. అల్యులోజ్ వాటిలో ఒకటి. అంజీర పండ్లలో, ఎండుద్రాక్షలో, గోధుమలో కాస్త ఉంటుంది. పండ్లలో ఉండే ఫ్రక్టోజుకూ దీనికీ పరమాణువులు అవే, లెక్క అదే. మూడో కార్బన్ దగ్గర అమరిక మాత్రం తిరగబడి ఉంటుంది. కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు కాదు గానీ దాదాపు అలాంటి తేడా. నాలుక దాన్ని తీపి అనే గుర్తిస్తుంది, పంచదార తీపిలో సుమారు 70 శాతం. శరీరం మాత్రం దాన్ని చాలావరకు వాడుకోలేక బయటికి పంపేస్తుంది. గ్రాము పంచదారలో సుమారు 4 క్యాలరీలుంటే, అల్యులోజ్‌కు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 0.4 క్యాలరీలుగా లెక్క కడుతోంది.

అంజీర పండ్ల నుంచి తీయాలంటే బంగారం ధర అవుతుంది. ఇక్కడ బాక్టీరియా వచ్చింది. జపాన్‌లో కగావా విశ్వవిద్యాలయానికి చెందిన కెన్ ఇజుమోరి బృందం మట్టిలో దొరికిన ఒక బాక్టీరియాలో, ఫ్రక్టోజు మూడో కార్బన్‌ను తిప్పి అల్యులోజ్ చేసే ఎంజైమును 1990ల మొదట్లో కనుక్కుంది. మళ్లీ మట్టే, మళ్లీ బాక్టీరియానే. తర్వాత ఇలాంటి ఎంజైముల జన్యువులను ప్రయోగశాలల్లో తేలిగ్గా పెరిగే ఈ.కోలై వంటి బాక్టీరియాలోకి చేర్చారు. అలా జన్యువు మార్చిన బాక్టీరియా పెద్ద ట్యాంకుల్లో ఎంజైమును తయారు చేస్తుంది. ఆ ఎంజైమును ఫ్రక్టోజు పానకంలో కలుపుతారు. ఇది కొత్త పనేమీ కాదు. ఎందరో తాతయ్యలు వేసుకునే ఇన్సులిన్ కూడా జన్యువు మార్చిన సూక్ష్మజీవులు తయారు చేసిందే. 1982లోనే అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

అయితే ఒక చిక్కుంది. ఈ ఎంజైము రెండు వైపులా పని చేస్తుంది. ఫ్రక్టోజును అల్యులోజ్ చేస్తుంది, అల్యులోజ్‌ను తిరిగి ఫ్రక్టోజూ చేస్తుంది. అందుకని సుమారు మూడో వంతు మారాక లెక్క అక్కడే నిలిచిపోతుంది. మిగిలిన ఫ్రక్టోజును వేరు చేయడానికి ఖర్చు.

ఈ చిక్కు విప్పే దారుల్లో ఒకటి ఫాస్ఫేటు. కణం లోపల చక్కెరకు ఫాస్ఫేటు తగిలించి, ఆ స్థితిలో రూపం మార్చి, చివర్లో ఫాస్ఫేటును ఊడదీస్తారు. ఫాస్ఫేటు ఊడిపోయిన అల్యులోజ్ ఇక వెనక్కి మారదు. టికెట్ చింపి లోపలికి పంపినట్టు, దారి ఒకవైపుకే. మామూలు గ్లూకోజు నుంచే ఈ దారిలో అల్యులోజ్ చేసే ఈ.కోలైని అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో చూపించారు. కణాల్లో అలా తగిలించే ఫాస్ఫేటును ఇచ్చే ముఖ్యమైన పదార్థం ఏటీపీ. ఎంజైము ఎంత ఫాస్ఫేటును ఊడదీసిందో కొలవడానికి ఆ నీలిరంగు పద్ధతి, దాని నుంచి పుట్టిన పద్ధతులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. సుబ్బారావు గారు అల్యులోజ్ చేయలేదు, దాని కోసం పని చేయనూ లేదు. కండరంలో ఒక రంగు ఎందుకు ఆలస్యమైందో తెలుసుకోవాలనుకున్నారు, అంతే. దాదాపు వందేళ్ల తర్వాత ఆ తెలివిడి ఒక తాతయ్య పూతరేకు దాకా వచ్చింది.

తల్లిదండ్రులకు ఒక జాగ్రత్త. ఇది చదివి ఆన్‌లైన్‌లో ఏదో పొడి తెప్పించి ఇంట్లో షుగర్ ఉన్నవారికి పెట్టవద్దు. అల్యులోజ్ ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు రావచ్చు. వేసుకునే మందులను బట్టి డాక్టరు చెప్పాలి.

మళ్లీ ఎత్తిన చెయ్యి

నాలుగో వారం క్లాసు మొదలవగానే ఆ బాబును పిలిచి, ఆ రోజు నేను జవాబు చెప్పకుండా కూర్చోబెట్టడం తప్పని అందరి ముందు చెప్పాను. తర్వాత పదిహేను నిమిషాలు భీమవరం, బోస్టన్, మట్టి, నీలిరంగు, అల్యులోజ్ అన్నీ చెప్పాను. పోర్షన్ ఒక పీరియడ్ వెనకబడింది. మరుసటి వారం సర్దుకున్నాం.

అంతా విని ఆ బాబు మళ్లీ చెయ్యెత్తాడు. పంచదార మార్చాం సరే, మరి రేకు సంగతేమిటని అడిగాడు. వాళ్ల నానమ్మ రేకు తీసేది బియ్యప్పిండితో. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగితే కాగితంలాంటి రేకు వస్తుంది. ఆ బియ్యమూ ఒంట్లో గ్లూకోజే కదా అన్నాడు. నిజమే. పంచదార మారిస్తే పూతరేకు సగమే మారుతుంది. రేకులో పిండిపదార్థం అలాగే ఉంటుంది, నెయ్యి అలాగే ఉంటుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు తాతయ్యకు పూర్తిగా సరిపోయేలా ఎలా మారుతుందో నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను. దాన్ని నోట్సు వెనక పేజీలో రాసుకోమన్నాను.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

మొదటిది, పిల్లలతో కలిసి కూర లేకుండా ఒక ముద్ద అన్నం నోట్లో పెట్టుకుని మింగకుండా రెండు నిమిషాలు నమలండి. మెల్లగా తియ్యదనం తెలుస్తుంది. మీ లాలాజలంలోని ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తోంది. ఎంజైము అంటే ఏమిటో పది పేజీల నోట్సు కంటే ఆ ముద్ద బాగా చెప్తుంది.

రెండోది, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే రోజు, ఈ నెల టీచర్ జవాబు చెప్పని ప్రశ్న ఏదైనా ఉందా అని పిల్లలను అడగండి. ఉంటే డైరీలో రాసి పంపండి. టీచర్ మీద ఫిర్యాదు అనుకోం. మాకూ గుర్తు చేసేవారు కావాలి.

మీ పిల్లల సైన్స్ టీచర్